టీకొట్టు బావ శిఖరబిందు విజయము

స్వస్తి! తూర్పుదిక్కున ఎఱ్ఱని రేఖలు పొడసూపగా, వీధిదీపములు నిద్రకళ్లతో ఒకటొకటిగా ఆరిపోవుచుండగా, ఆదివారమన్న మాట తలచుకొని లోకమెల్ల అటునుండి ఇటు పొర్లి దుప్పటి ముసుగు తన్నిన ఆ పుణ్యప్రభాతమున, కళ్లజోళ్ల దుకాణమునకు పైనున్న రెండుగదుల యింటిలో, సూక్ష్మాక్షర పఠన పరీక్షా ధురంధరుడును, బావమఱది పరిహాస శరాఘాత జర్జరిత హృదయుడును అగు ఆ దుకాణాధిపతి, బిగుతు లాగు ధరించి వంటింట నిలిచి, చార్జరు నుండి తన జీపీఎస్ పెట్టెను మెల్లగా వేఱుచేసెను. అది నూఱు శాతమని చూపెను. వీరుడు నమ్మలేదు.

నమ్మకపోవుటకు కారణము గలదు. సైకిలు ముందుభాగమున బిగించిన ఆ పెట్టె, పోయిన దారినెల్ల గీతగా గీసి దాచును. అట్టి మహాయంత్రము ముసలిదై, దాని బ్యాటరీ జవసత్త్వములుడిగి, ఊరి వెలుపలి కొండను వీరుడు ముట్టడించిన ప్రతిపర్యాయమును సరిగ్గా కొండ మొదట ఉన్న టీకొట్టు ముందఱ కన్నుమూయుచుండెను. వీరుడు శిఖరమెక్కుచునే యుండెను. గీత మాత్రము టీకొట్టు దాటకుండెను. ఆ గీతను చూచి అత్తవారింట ఆతనికి ప్రదానము చేసిన బిరుదము టీకొట్టు బావ.

“పొద్దున్నే లేచి, ఆ డ్రెస్సంతా వేసుకుని, టీ తాగడానికి అంత దూరమా బావా?” అని బావమఱది వారము వారము అడుగును. “ఫొటోలు చూపించకు. కారులో వెళ్లి కూడా ఫొటో దిగొచ్చు. గీత చూపించు, నమ్ముతా.”

మామగారు నవ్విరి, అత్తగారు నవ్విరి, వీరుడు భరించెను. పోయిన వారము భార్యయు నవ్వెను. అది మాత్రము గుండెలో గ్రుచ్చుకొనెను. లోకమంతయు నమ్మకపోయినను నమ్మవలసిన మనిషి నమ్ముట మానెనేమో అన్న దిగులుతో ఆతడు వారమంతయు కొనవచ్చినవారికి తప్పు ఫ్రేములు చూపించెను.

“దానికి కొత్త బ్యాటరీ వేయించొచ్చు కదండీ?” అనెను భార్య, కళ్లు నులుముకొనుచు వంటింటికి వచ్చి.

“తీయడానికి రాదు. లోపల అతికించేశారు.”

“పోనీ దారిలో పవర్ బ్యాంకు తగిలించుకోండి.”

వీరుడు విషాద మందహాసము చేసెను. తీగ తగిలించిన తక్షణమే, ఇల్లు చేరితిమి కాబోలునని ఆ పెట్టె గీతను ముగించి పడుకొనును. పస్తు పెట్టిన చచ్చును, అన్నము పెట్టిన నిద్రపోవును. అట్టిదానితో వేగుట ఎట్లు?

“పొదుపు మోడ్‌లో పెడతా. అన్నీ ఆపేస్తా. గీతంతా గీయదు, ఎప్పుడో ఒకసారి ఒక చుక్క పెడుతుంది. అంతే.”

“టీ ఇక్కడే తాగి వెళ్లండి,” అనెను ఆమె. అందు వెక్కిరింత ఉన్నదో లేదో వీరునికి తెలియలేదు.

అంతట ఆ వీరుడు తన సైన్యమును తానే బలియిచ్చెను. తెరవెలుగును ఆర్పెను, పటమును మూసెను, మలుపు మలుపునకు కూయు కూత గొంతు నులిమెను, గుండెచప్పుడు లెక్కించు పట్టీని విప్పి సోఫా మీదికి విసరెను. ఇక మిగిలినది ఒక చిన్ని పచ్చదీపము. చుక్క పెట్టిన ప్రతిసారి అది ఒకమాఱు మినుకుమనును. ఆ మినుకును నమ్ముకొని వీరుడు, కుక్కగణ భౌభౌరవ తూర్యధ్వాన పురస్సరముగా వీధులు దాటి, చెరువుగట్టు చుట్టివచ్చి, టీకొట్టు ముంగిట పొడసూపెను.

“చచ్చిందా సార్?” అనెను టీకొట్టు యజమాని, అలవాటుగా గ్లాసు కడుగుచు.

“బతికే ఉంది!” అని వీరుడు ఆగకుండ పోయెను. యజమాని గ్లాసు చేతబట్టుకొని అట్లే చూచుచుండెను.

ఇక కొండ! మలుపునకొక మలుపు పుట్టి, ఎక్కినకొలది ఎదుగుచు, తొడలలో నిప్పులు పోసి, ఊపిరిని కొలిమితిత్తి చేసి, చెమటను కళ్లలోనికి మళ్లించి, ఆ గిరిరాజము పోరెను. వీరుడును పోరెను. సగము కొండలో పచ్చదీపము ఒకమాఱు మినుకుమనెను. తుదకు శిఖరాగ్రమున పాదము మోపి చూడగా పెట్టెలో ఉన్నది ఒక్క శాతము. శిఖరమున చుక్క పడకుండ ఇది చచ్చెనా, రేపటి బిరుదము సగంకొండ బావ. కదలుటకు వీలులేదు. చుక్క పడువఱకు నిలువవలెను. అంతట పెట్టెను చొక్కాలోనికి దూర్చి, గుండెకు హత్తుకొని, మెడ వంచి, వీరుడు లోపలికి చూచి ఇట్లు గర్జించెను:

“ఓసీ జరాభార జర్జరితా! రాత్రి రాత్రియు నా యింటి విద్యుత్తును కడుపార మెక్కిన కృతఘ్నా! పటమడిగితినా? పాటలడిగితినా? బిందువు! ఏకైక బిందువు! నా యిల్లాలి కనులయెదుట నన్ను అబద్ధాలకోరుగా నిలిపి నీవు చచ్చి సాధించునదేమి? కొనయూపిరినైనను పచ్చగా వెలిగి పొమ్ము!”

అని కవులు చెప్పుదురు. అక్కడకు నడకకు వచ్చిన పెద్దావిడ చెప్పిన ప్రకారము ఆతడన్నది “ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్” అని మాత్రమే.

“ఏం బాబూ, నొప్పిగా ఉందా? కూర్చో,” అనెను ఆమె, చొక్కాలోనికి మాటలాడుకొను ఆ మనిషిని చూచి కంగారుపడి.

“లేదండీ. చుక్క పడాలి.”

“ఏం చుక్క?”

ఆ క్షణమున చొక్కాలోపల పచ్చగా మినుకుమనెను. మఱుక్షణమున పెట్టె చచ్చెను. వీరుడు ఆనందబాష్పములతో ఆ పెద్దావిడ రెండు చేతులును పట్టుకొని ఊపెను. ఆమె తన నీళ్లసీసాను ఆతని చేత పెట్టి గబగబ దిగిపోయెను.

మధ్యాహ్నమున, అత్తవారి పరివారమంతయు రెండుగదుల యింట కిక్కిరిసియుండగా, పెట్టెకు ప్రాణము పోసి, వీరుడు గీతను భార్య ఫోనులోనికి పంపెను. బావమఱది ఫోను లాగుకొని, చేయి బారుగా చాచి దూరముగా పట్టి చూచెను.

“బావా, ఇది చెరువు మధ్యలోంచి పోయింది!”

“గట్టు మీదే వెళ్లాను. చుక్కకీ చుక్కకీ మధ్య అది తిన్నగా గీత లాగేస్తుంది.”

“బడి గోడలోంచి దూరింది. ఎవరిదో వంటిల్లు కూడా దాటింది. సరే, కొండమీద చుక్కేది? నాకేం కనపడట్లేదే?”

వీరుడు ఆ చాచిన చేతిని చూచెను. చూచి, మెట్లు దిగి దుకాణములోనికి పోయి, దగ్గరిచూపు కళ్లద్దములు తెచ్చి బావమఱది ముక్కుపై నిలిపెను. బావమఱది చేయి మెల్లమెల్లగా మడతపడి ఫోను దగ్గరకు వచ్చెను.

“ఉంది,” అనెను. పిదప గోడమీది క్యాలెండరును, తన గోళ్లను, అక్క ముఖమును విడ్డూరముగా చూచుకొనెను. “అన్నీ కనపడుతున్నాయి బావా.”

భార్య ఫోను తీసికొని గీత వెంట వేలు నడిపెను. “టీకొట్టు దరిదాపులకైనా పోలేదే గీత! అయితే నిజంగానే ఎక్కేవారా?”

“ప్రతిసారీ.”

“నేను కూడా నవ్వాను కదండీ,” అనెను ఆమె, మెల్లగా. వీరునికి కళ్లు చెమర్చెను. లెన్సులు తుడుచు గుడ్డతో ఒత్తుకొనెను.

“సరే, ఒప్పుకున్నా,” అనెను బావమఱది, కళ్లద్దములు తీయకుండగనే. “ఇవాళ్టి నుంచి చెరువు బావ!”

అందఱును నవ్విరి, ఈమాఱు వీరుడే అందఱికంటె బిగ్గరగా నవ్వెను. ఇట్లు ఆవగింజలో సగమైన చుక్క నొకదానిని శిఖరమున నాటి, టీకొట్టును జయించి, జలములమీదుగా సైకిలు త్రొక్కినవాడని కీర్తి గొని, ఆ చెరువు బావ ఆ సాయంకాలము భార్య పెట్టిన టీని ఇంట్లోనే కూర్చుండి త్రాగెను. జయము! జయము! చుక్కకు జయము!