చూపు ఎక్కడ పడిందో మీరే రాయండి

మనిషి చూపు ఎక్కడ పడిందో ఆ మనిషికే సరిగ్గా తెలియదని మా కైరో లైసెన్సుల ఆఫీసు కనిపెట్టింది. (రోడ్ల మీద గుంతలెక్కడున్నాయో మాత్రం ఇంకా కనిపెట్టలేదు.) కాబట్టి ఇకపై కంటి పరీక్షలో డ్రైవరు తెర మీది చుక్కను చూస్తే చాలదు. తన చూపు చుక్కకు ఎంత దూరంలో పడిందో తనే ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. అతని లెక్కా, చూపును కొలిచే మిషను లెక్కా కలవాలి.

మొదటి వారం అందరూ "సరిగ్గా చుక్క మీదే" అని రాశారు. మిషను ఒప్పుకోలేదు. అతివిశ్వాసం కింద అందరూ ఫెయిల్. రెండో వారం భయపడి అందరూ "తప్పింది" అని రాశారు. చూపు ఆనదని మళ్లీ అందరూ ఫెయిల్. (ఈ రూలు రాసినవాడు ఏ వారం పాసయ్యాడని నేనడిగాను. బయటికి నెట్టారు.)

మైక్రోబస్సు తోలే రగబ్ రెండు వారాలూ ఫెయిలే. ఈసారీ పోతే, రేపట్నుంచి బండి తన బావమరిదికిస్తానన్నాడు యజమాని. ఇరవై రెండేళ్లుగా రగబ్ కళ్లకి ఒకటే పని: రోడ్డు పక్క మనిషి చెయ్యి ఎలా తిప్పాడో చూసి, ఎక్కడికి పోవాలో పోల్చుకోవడం.

రగబ్ ముందు తెరలో కుడివైపు చుక్క వెలిగింది. సరిగ్గా అప్పుడే అధికారి వగ్దీ టీ తెమ్మని ఎడమవైపు చెయ్యి తిప్పాడు.

"ఎక్కడ పడిందయ్యా ఉస్తా, నీ చూపు?" (కైరోలో డ్రైవరైతే ఉస్తా, అధికారైతే పాషా.)

"మీ చేతి మీద పాషా. గీజాకేగా? ముందు సీటు ఖాళీ."

"వెటకారాలొద్దు. ఎంత దూరమో రాయి."

జానెడని రాశాడు. మిషనూ జానెడే అంది. ఆ ఆఫీసులో రెండు లెక్కలు కలవడం అదే మొదలు.

వగ్దీ రూల్సు తిరగేశాడు. "చుక్క తప్పావు. కానీ తప్పు సరిగ్గా చెప్పావు. సరే పో, పాస్!" టీ వస్తోందేమోనని తలుపు వైపు చూస్తూ లైసెన్సు మీద ముద్ర గుద్దాడు. అది గడిలో పడలేదు, ఫొటోలో రగబ్ రెండు కళ్ల మీదా పడింది.

"పాషా, ముద్ర..."

"గడిలోనే పడింది. నాకు తెలీదా?"

(అధికారి చూపుకి మిషను పెట్టే రూలు లేదు.)

కళ్లు కనబడని లైసెన్సు చెల్లదన్నారు పక్క కిటికీలో. రగబ్ మళ్లీ లైన్లో నిలబడ్డాడు. మర్నాడు బండిని యజమాని బావమరిది తోలాడు. అతనికసలు లైసెన్సే లేదు గనక, అతని చూపు మీద ఆఫీసుకి ఏ అనుమానమూ లేదు.