డెబ్బై మార్కుల సీటు

శ్యామసుందరికి మొగుడితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే: వంశీధర్‌కు పాస్ మార్కులంటే గిట్టదు. తొంభైకి దిగువన ఉన్నవన్నీ ఆయన లెక్కలో ఫెయిలే. ఆవిడ పెసరట్టుకు కూడా ఎనభై అయిదుకు మించి వేసిన పాపాన పోలేదు.

ఆ శనివారం పొద్దున్నే గారెలకు పప్పు నానబోసుకుంది ఆవిడ. కొడుకు ఆదర్శ్ బేస్‌బాల్ విసిరే తీరు నచ్చి, అమెరికాలో ఒక కాలేజీ కోచ్ స్కాలర్‌షిప్ సీటు అట్టేపెట్టాడు. పన్నెండో తరగతి మార్కులు కాలేజీ గీసిన గీత దాటితే చాలన్నాడు. ముందురోజే మార్కులొచ్చాయి. డెబ్బై. గీత దాటేశాడు.

"డెబ్బై అని నలుగురిలో ఎలా చెప్పుకోను?" అన్నాడు వంశీధర్.

"ఇట్స్ ఇనఫ్, నాన్నా. అంతకంటే ఎక్కువొచ్చినా వాళ్లు చూడరు," అని ఆదర్శ్ ప్రాక్టీసుకు వెళ్లిపోయాడు.

వంశీధర్‌కు మనసొప్పక, తాముండే క్వేకర్స్ హిల్ పేటలోనే ఉండే స్నేహితుడు రామానుజానికి ఫోన్ చేశాడు. ఆయన కొడుకు రిషిదీ ఆదర్శ్ ఆడే టీమే.

"బొటాబొటీగా వెళితే ఎవడో తొంభైవాడు వచ్చి తోసేస్తాడు. మనం ఎంసెట్‌కి లాంగ్‌టర్మ్ తీసుకోలా? ఏడాది కూర్చోబెట్టి మళ్లీ రాయించు," అన్నాడు రామానుజం.

"పిల్లాణ్ణి ఒక మాట అడగండి," అంది శ్యామసుందరి మిక్సీ ఆపి.

"వాడికేం తెలుసు?" అని ఆయన నేరుగా కోచ్‌కే ఫోన్ కలిపాడు. "సర్, అవర్ మార్క్స్ ఆర్ నాట్ గుడ్. గివ్ వన్ ఇయర్. హీ విల్ రైట్ అగైన్."

కోచ్, దాచకుండా చెప్పినందుకు థాంక్స్ అన్నాడు.

"చూశావా, ఎలా మెచ్చుకున్నాడో," అన్నాడు వంశీధర్ భార్యతో. ఆ ఊపులోనే కొడుకును ట్యూషన్‌లో చేర్పించి, ఈ ఏడాది మావాడు ఆడడని ఇక్కడి క్లబ్బుకూ కబురు చేశాడు.

మధ్యాహ్నం ఆదర్శ్ బూట్లు విప్పకుండానే లోపలికొచ్చాడు. "అమ్మా, కోచ్ కాల్ చేశాడు. ఐ డిడ్న్ట్ క్వాలిఫై అని నాన్న చెప్పారంట. తర్వాతి పేరు రిషిది. సీటు వాడికిచ్చేశాడు."

ఎవరూ ఏమీ అనకముందే గుమ్మంలో రామానుజం, చేతిలో మైసూర్‌పాక్ డబ్బా. "మావాడికి అరవై రెండే. అదీ సరిపోతుందట, నమ్ముతావా?"

"మరి లాంగ్‌టర్మ్ అన్నావు?" అన్నాడు వంశీధర్.

"అది మీవాడిలాంటి తెలివైనవాళ్లకి."

ఆయన వెళ్లాక వంశీధర్ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "తప్పు నాదేరా," అన్నాడు పైకే.

"ఓకే, డాడ్," అని ఆదర్శ్ తన గది తలుపు వేసుకున్నాడు.

పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం శ్యామసుందరికి అదే మొదటిసారి. ఇంత ఖరీదు పెట్టి వినాలని ఆవిడ ఏనాడూ కోరుకోలేదు.