వైవిధ్య ప్రతినిధి మెల్కియానా

“ఇక మీదట మన వేదాంత కళాశాల పరలోకానికి అచ్చమైన నకలు!” అని మా ప్రిన్సిపాల్ రెవరెండ్ డాక్టర్ తోగార్ సినురాత్ గారు ఉదయం ఆరాధనలో ప్రకటించారు. “పరలోకంలో అన్ని జాతులవాళ్ళూ, అన్ని భాషలవాళ్ళూ ఉంటారు. ఇక్కడా ఉండాలి. మనకు గ్రేడు ఇచ్చే పరిశీలక బృందం వచ్చేలోగా ఉండాలి.”

అందరం ఆమెన్ అన్నాం.

తోబా సరస్సు ఒడ్డున ఉన్న మా కళాశాలలో ప్రిన్సిపాల్ నుంచి వంటమనిషి దాకా అందరం ఈ ప్రాంతపు బతాక్ జాతివాళ్ళమే. హీబ్రూ చెప్పే నేనూ అంతే. పరలోకంలో మిగిలిన భాగమంతా ఒక్క మెల్కియానా తబుని మీద పడింది. పపువా కొండల్లోని వామెనా నుంచి వచ్చిన అమ్మాయి, చివరి సంవత్సరం విద్యార్థిని. చదువు కాగానే తన లోయలో పాస్టరు కావాలని ఆమె కోరిక. అక్కడి సంఘంవాళ్ళు పాస్టరు లేక పెళ్ళిళ్ళు కూడా ఆపుకుని ఆమె కోసం ఎదురుచూస్తున్నారట.

సినురాత్ గారిది దూరదృష్టి. ప్రతి కమిటీలోనూ ఒక వైవిధ్య ప్రతినిధి ఉండాలనీ, ఆ ప్రతినిధి లేనిదే ఏ తీర్మానమూ చెల్లదనీ అదే రోజు రూలు పెట్టారు. ప్రతినిధి కాగల మనిషి కళాశాల మొత్తానికి ఒక్కరే. అలా మెల్కియానా లైబ్రరీ కమిటీ, మెస్ కమిటీ, మురుగు కాలువల కమిటీలతో సహా అన్నింటిలోనూ సభ్యురాలైంది. ఇంత త్వరగా పైకొచ్చిన విద్యార్థిని మా దగ్గర ఇంకొకరు లేరు.

ఒకరోజు వరండాలో నన్ను పట్టుకుంది.

“మాస్టారూ, నాకు మళ్ళీ ఆబ్సెంట్ వేశారా?”

“క్లాసులో లేవు కదమ్మా.”

“పక్క గదిలోనే ఉన్నాగా! మీ పాఠం గోడలోంచి వినబడుతూనే ఉంది. కాలువ ఎటు తిప్పాలో ఓటేస్తూ కూర్చున్నా.”

“గోడలోంచి వింటే హాజరు వేయాలని రూల్లో లేదమ్మా.”

“పోనీ అయ్యగారితో చెప్పండి. ఒక్క కమిటీ నుంచైనా నన్ను తీసేయమనండి. పరీక్షలు దగ్గరికొచ్చాయి, నాకు భయంగా ఉంది.”

చెప్పాను. సినురాత్ గారి కళ్ళు చెమర్చాయి. “పదవి వద్దంటోందా! ఎంత వినయం! ఆ పిల్లని సద్గుణాల కమిటీలో కూడా వేయండి” అన్నారు.

పరిశీలక బృందం రానే వచ్చింది. ఆ ఉదయం మెల్కియానా చేతికి ప్రిన్సిపాల్ గారు పపువావాళ్ళు పెట్టుకునే ఈకల కిరీటం ఒకటి ఇచ్చారు.

“అయ్యగారూ, మా నాన్న టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. మా ఇంట్లో ఇలాంటివి ఎవరూ పెట్టుకోరు. పైగా ఇది మగవాళ్ళది.”

“మరీ మంచిది తల్లీ. స్త్రీ పురుష సమానత్వం కూడా కలిసొస్తుంది.”

ఒక్క మెల్కియానాతో వేదిక నిండదు కాబట్టి కొందరు బతాక్ కుర్రాళ్ళకు అద్దె దుస్తులు పంచి ఇతర జాతులవాళ్ళను చేశారు. సాహత్ అనేవాడికి తోరాజా వేషం దక్కింది. వాడి ఖర్మకొద్దీ బృందం నాయకురాలు రాంతెతానా గారిది తోరాజాయే. ఆవిడ ముఖం వికసించింది. గబగబా వాడి దగ్గరికి వెళ్ళి తోరాజా భాషలో ఏదో అడిగారు. వాడు చెమటలు కక్కుతూ నేను నేర్పిన హీబ్రూ వాక్యం ఒకటి అప్పజెప్పాడు. ఒక్క తప్పు లేదు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

“అన్యభాషలు అమ్మగారూ! కుర్రాడు ఆత్మావేశంలో ఉన్నాడు” అంటూ సినురాత్ గారు తల వంచారు. హాలంతా తల వంచింది. కాసేపు తటపటాయించి ఆవిడా వంచారు.

మధ్యాహ్నం ఆవిడ, “మీ కమిటీ ఒకటి పనిచేస్తుంటే చూడాలి” అన్నారు. ఆ రోజు కూర్చోవలసింది హాజరు కమిటీ. నేనూ అందులో సభ్యుణ్ణే.

“వైవిధ్య ప్రతినిధి వచ్చారా?” అని అడిగారు ప్రిన్సిపాల్ గారు.

“వచ్చాను అయ్యగారూ” అంది ఈకల కింది నుంచి మెల్కియానా.

“శుభం. కోరం ఉంది. మొదటి అంశం: హాజరు చాలనందున మెల్కియానా తబుని గారిని పరీక్షలకు అనుమతించకపోవడం.”

ఆమె లేచి నిలబడింది. “నేను బయటికి వెళ్ళిపోతే ఈ తీర్మానం చెల్లదు కదా?”

“చెల్లదు తల్లీ. కానీ మధ్యలో వెళ్తే నీకు ఆబ్సెంట్ పడుతుంది.”

మెల్కియానా కూర్చోలేదు. “అయితే రాసుకోండి. నాకు అభ్యంతరం ఉంది. నన్ను క్లాసుకి పోనివ్వకుండా ఈ కుర్చీల్లో కూర్చోబెట్టింది మీరు. అక్కడ మావాళ్ళు నా కోసం చూస్తున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు?”

నేను నా గోళ్ళు పరిశీలించుకున్నాను. ముందుగా తేరుకున్నది సినురాత్ గారే.

“విన్నారా అమ్మగారూ! భిన్నాభిప్రాయం! ఇంతకన్నా వైవిధ్యం ఏముంటుంది?” అని చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. అభ్యంతరాన్ని మినిట్స్‌లో గౌరవంగా నమోదు చేసి, ఒక్క ఓటు తప్ప ఏకగ్రీవంగా తీర్మానించాం.

మెల్కియానా కిరీటం తీసి నా ముందు పెట్టింది. “మగాళ్ళదన్నానుగా మాస్టారూ, పెట్టుకోండి” అని వెళ్ళిపోయింది. మర్నాడే మేదాన్ నగరానికి బస్సెక్కింది. వాళ్ళ కొండల్లోనే ఒక చిన్న బైబిలు పాఠశాలలో చేరి చివరి సంవత్సరం మళ్ళీ చదువుతోందని తర్వాత తెలిసింది. అక్కడ కమిటీలు లేవట.

కొన్నాళ్ళకు పరిశీలకుల నివేదిక వచ్చింది. మాకు ‘ఎ’ గ్రేడు ఇచ్చారు. ఒక విద్యార్థిని పెద్దల ఎదుట నిర్భయంగా అభ్యంతరం చెప్పగలగడం దేశానికే ఆదర్శమని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. సినురాత్ గారు దాన్ని ఆరాధనలో చదివి వినిపించి, ఇకపై ప్రతి సమావేశంలోనూ ఒక అభ్యంతరం తప్పనిసరి అనీ, వంతులవారీగా చెప్పాలనీ ఆజ్ఞాపించారు.

మొదటి వంతు నాది. కుర్చీల రంగు మీద నా అభ్యంతరాన్ని ఆఫీసువాళ్ళే టైపు చేసి ఇచ్చారు. అచ్చుతప్పులు దిద్దుకుని, నిలబడి గంభీరంగా చదివాను.

ప్రిన్సిపాల్ గారు శ్రద్ధగా విన్నారు. “బాగుంది మాస్టారూ. వచ్చేసారి ఇంకాస్త కోపంగా” అన్నారు.