రుచి చూడని బెల్లం

గురువారం పొద్దున త్రినాధరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి పళ్ళు తెల్లగా చేయించుకోవాలి. వేలం మొదలయ్యేలోగా బెల్లం మార్కెట్టుకి చేరుకోవాలి. ఈ సంగతి ఆదివారం దాకా ఎవరికీ తెలియకూడదు. ఆదివారం కూతురు రాజశ్రీ నిశ్చితార్థం. ఆ రోజు ఫోటోలో ఆయన నోరు తెరిచి నవ్వాలి. అంతే.

ఇదేం పెద్ద కోరిక అనుకునేవాళ్ళు ఆయన ఇంట్లో ఆల్బములు చూడలేదన్నమాట. పెళ్ళిఫోటోలో కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాజశ్రీ మొదటి పుట్టినరోజు ఫోటోలో కేకు ముందు, పోలీస్ స్టేషనుకు పిలిపించిన మనిషిలా పెదాలు బిగించి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి కిళ్ళీలు నమిలిన పళ్ళు మరి. కిళ్ళీ మానేసి చాలాకాలమైంది గానీ ఆ రంగు మాత్రం ఆయన్ని మానలేదు. మొన్న రాజశ్రీ ఆల్బము తిరగేస్తూ, "నా ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా నువ్వు సంతోషంగా లేవు నాన్నా" అంది. మామూలుగానే అంది. ఆయనకి మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

అప్పటి నుంచీ ఫోనులో పళ్ళ వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. అందులో ఒకమ్మాయి మెరిసే పళ్ళతో చెప్పిన జాగ్రత్తలన్నీ కంఠతా వచ్చేశాయి. పళ్ళు తెల్లబరిచాక రెండు రోజులపాటు రంగున్నదేదీ నోట పెట్టకూడదు. టీ వద్దు, పసుపు వేసిన కూర వద్దు, బెల్లం అసలే వద్దు. ఈ చివరి మాట దగ్గర ఆయన కాస్త ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

భార్య బుల్లమ్మకి గుడికి వెళ్తున్నానని చెప్పాడు. నిజం చెబితే ఆమె పంపదు. పళ్ళు క్లీనింగ్ చేయిస్తే వదులైపోయి ఒక్కొక్కటీ రాలిపోతాయని ఆమె గట్టి నమ్మకం.

డాక్టరు అతియా పరాయిపిల్ల కాదు. మార్కెట్టులో పెద్ద కొనుగోలుదారు, త్రినాధరావుకి చిన్ననాటి స్నేహితుడు అయిన సైదా సాహెబ్ కూతురు. క్లినిక్కు ప్రారంభం రోజు రిబ్బను కత్తిరించింది సైదా సాహెబే. అక్కడి పేషెంటు కుర్చీలో మాత్రం ఇంతవరకూ కూర్చోలేదు. "నేను నడక నేర్పిన పిల్ల ముందు నోరు తెరుచుకుని పడుకోమంటావేటి బావా?" అంటాడు.

"ఆదివారానికి మెరిసిపోవాలమ్మా" అన్నాడు త్రినాధరావు కుర్చీలో వాలుతూ.

అతియా లైటు వేసి లోపలికి చూసింది. చాలాసేపే చూసింది. "ఆఖరిసారి క్లీనింగ్ ఎప్పుడు చేయించుకున్నారు మావయ్యా?"

"రోజూ తోముకుంటాను కదమ్మా."

అతియా మిషను ఆన్ చేసింది. గుయ్యిమని చప్పుడు, చల్లటి నీళ్ళు, ఏదో పెచ్చులు పెచ్చులుగా ఊడుతున్న భావన. ఎంతకీ అయ్యేలా లేదనుకుంటుండగా అయిపోయింది. ఆమె అద్దం చేతికిచ్చింది. త్రినాధరావు అందులో చూసి ఎవరో అనుకున్నాడు.

"ఇవాళ్టికింతే మావయ్యా. కాసేపు కూర్చోండి, మీతో మాట్లాడాలి."

"జాగ్రత్తలే కదమ్మా? అన్నీ తెలుసు, వీడియో చూసేను. అవతల వేలానికి టైమైపోయింది" అంటూనే ఆయన సగం మెట్లు దిగిపోయాడు.

అనకాపల్లి మార్కెట్టులో త్రినాధరావు కమీషన్ కొట్టుకి ఒక పేరుంది. ఆయన కొట్టు ముందు దిగే బెల్లంలో రంగు కోసం కలిపే మందు ఉండదు. "చెరుకురసం పెనం మీద మరిగేటప్పుడు మడ్డి తేలుతుంది కదా, దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యండి. రంగు దానంతటదే వత్తాది. మందెందుకు?" అని రైతులకి విసుగులేకుండా చెబుతాడు. అలాంటి బెల్లం చూడటానికి మిగతావాటంత తెల్లగా ఉండదు. అందుకని వేలానికి ముందు ఆయనే దిమ్మలోంచి చిటికెడు గిల్లి, నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుతాడు. ఆ తల ఊగితే సైదా సాహెబ్ కొనేస్తాడు.

ఆ వేళ కొట్టు ముందు దిగింది కొండకర్ల రైతు ఎర్రయ్య బెల్లం. మందు లేకుండా వండటం అతనికి ఇదే మొదటిసారి. గిల్లడమైతే త్రినాధరావు ఎప్పటిలాగే గిల్లాడు. నోటి దాకా తెచ్చాడు. అక్కడ ఆగి, వాసన చూసి, దిమ్మ మీద పెట్టేశాడు.

చుట్టూ ఉన్న కొనుగోలుదారులు దిమ్మ వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూశారు.

"ఏటి బావా, నోట్లో ఎయ్యవేటి?" అన్నాడు సైదా సాహెబ్.

పళ్ళు కనపడితే ఆదివారం సంబరం ఇప్పుడే అయిపోతుంది. అందుకని త్రినాధరావు పెదాలు కదపకుండా గొణిగాడు. "బాగుంది. తీసుకో."

"బాగుంటే తినొచ్చు కదా?"

"డాక్టరు వద్దంది."

అరె, అని సైదా సాహెబ్ వెనక్కి తగ్గాడు. ఆయన వేలం పాట పాడకపోయేసరికి మిగతావాళ్ళూ పాడలేదు. త్రినాధరావే నోట పెట్టని బెల్లం అంటే అందులో ఏదో ఉందని ఒకరన్నారు. కాదు, ఆయనకి షుగరొచ్చిందని ఇంకొకరన్నారు. ఇంతలో టీ వచ్చింది. త్రినాధరావు దాన్నీ వద్దన్నాడు. రోజుకి ఎన్ని టీలు తాగుతాడో ఆయనకే లెక్క తెలియని మనిషి టీ వద్దన్నాడంటే అది షుగరుతో పోయేది కాదని మార్కెట్టు తీర్మానించింది. "కిళ్ళీలు నమిలిన నోరు. మాట కూడా సరిగ్గా రావట్లేదు సూసేవా? నోటికేదో పెద్ద జబ్బే."

మార్కెట్టులో పుట్టిన మాట బెల్లం కంటే ముందే ఊళ్ళు దాటుతుంది. ఎవరో బుల్లమ్మకి ఫోను చేసి ధైర్యం చెప్పారు. ఏ విషయంలో ధైర్యమో తెలియని బుల్లమ్మ ముందు ఏడ్చి, తర్వాత అడిగి తెలుసుకుని, జావ కాచి క్యారేజీలో పోసుకుని ఆటో ఎక్కింది. ఇంకెవరో గొలుగొండలో ఉన్న కాబోయే వియ్యంకుడు చంద్రమౌళికి చెప్పారు. ఆయన మంచి మనిషి. ఉన్నవాడు ఉన్నట్టు కారెక్కి, మధ్యాహ్నానికల్లా కొబ్బరిబొండాల గెలతో కొట్టు ముందు దిగాడు.

"గుడికని చెప్పి ఆస్పత్రికెళ్ళేవా? నాకు సెప్పకుండా దాసేవా?" అని బుల్లమ్మ భర్త చెయ్యి పట్టుకుని గొల్లుమంది.

"మీరేం కంగారుపడకండి బావగారూ" అన్నాడు చంద్రమౌళి. "నిశ్చితార్థం ఎక్కడికి పోతాది? వైజాగ్ తీసుకెళ్తాను. ముందు ఆరోగ్యం. ఆదివారం ముహూర్తం వాయిదా ఏసేద్దాం."

త్రినాధరావు ఏ ఫోటో కోసం ఇంత చేశాడో ఆ ఫోటోకే ఎసరొచ్చింది. విషయం చెప్పేద్దామని నోరు తెరవబోయాడు. అప్పుడే ఎర్రయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పొద్దుటినుంచీ అతని దిమ్మల వంక చూసినవాడు లేడు.

"బాబూ, మందెయ్యొద్దని నువ్వే సెప్పేవు. నానెయ్యలేదు. మడ్డి తియ్యమన్నావు. సేతులు కాలిపోతన్నా వదలకుండా తీసేను. ఇప్పుడు నువ్వే నోట్లో ఎయ్యకపోతే ఇది నానెవరికమ్ముకోను?"

అతని అరచేతుల మీద బొబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. త్రినాధరావుకి సిగ్గేసింది. తన నవ్వు కోసం ఇంకొకరి నోరు కొట్టడమేమిటి? ఫోటో పోతే పోయింది, ఇన్నేళ్ళూ నోరు ముయ్యలేదా, ఇంకో రోజు ముయ్యలేడా? చిటికెడు కాదు, నిమ్మకాయంత ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాడు. తల ఊగింది. ఊగుతూనే ఉంది. అంత మంచి బెల్లం ఆయన ఈ మధ్య తినలేదు.

"ఎర్రయ్యా! ఏం వండేవయ్యా!" అని అన్నీ మరిచిపోయి పళ్ళన్నీ కనపడేలా నవ్వేశాడు.

అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. బుల్లమ్మ ఏడుపు ఆపేసింది. మందు పడకుండా అంత తెలుపు వస్తుందని ఆ మార్కెట్టులో నమ్మేవాళ్ళు లేరు.

"బావా, నీకు ఏ మందు కలిపేరు?" అన్నాడు సైదా సాహెబ్.

ఇంక దాచడానికేం మిగల్లేదు. ఆల్బముల దగ్గర్నుంచి అతియా కుర్చీ దాకా త్రినాధరావు అంతా చెప్పేశాడు. చివరికొచ్చేసరికి దిమ్మలో తను విరిచిన చోటు చూపించాడు. "రెండ్రోజులు బెల్లం ముట్టకూడదు బావా. తినేసేను. ఆదివారానికి మళ్ళీ పాత రంగే."

సైదా సాహెబ్ అక్కడికక్కడే కూతురికి ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, పళ్ళు తెల్లబరిచిన సంగతి అడిగాడు.

"వైటెనింగా? నేను చెయ్యలేదే!" అంది అతియా. "మావయ్య చిగుళ్ళు వాచి ఉన్నాయి. ఇప్పుడు అది చెయ్యకూడదు. పళ్ళకి పట్టిన గార తీసేనంతే. ఈ సంగతి చెప్దామనే కూర్చోమన్నాను, ఆయన పరుగు పెట్టేరు."

"మరి ఈ తెలుపెక్కడిదమ్మా?" అన్నాడు త్రినాధరావు.

"అది మీదే మావయ్యా. ఇన్నేళ్ళూ గార కిందుంది."

"పళ్ళు వదులవ్వవా అమ్మా?" అని బుల్లమ్మ మధ్యలో దూరింది.

"గార పేరుకుంటేనే వదులవుతాయి అత్తయ్యా, తీస్తే కాదు. మావయ్యా, బెల్లం తినండి, తిన్నాక నీళ్ళతో పుక్కిలించండి. ఆర్నెల్లకోసారి వస్తే మళ్ళీ ఇంత పేరుకోదు."

ఫోను పెట్టేశాక త్రినాధరావు నాలుకతో పళ్ళు తడుముకున్నాడు.

"అంటే మడ్డి తీసిందన్నమాట" అన్నాడు త్రినాధరావు మెల్లగా.

"ఊళ్ళో రైతులందరికీ చెప్తావు. నీ నోటికి నువ్వు చెప్పుకోలేదేటి బావా?" అని సైదా సాహెబ్ పగలబడి నవ్వి, ఎర్రయ్య బెల్లమంతా తనే పాడుకున్నాడు. బొండాలు కొట్టించి అందరికీ పంచారు. జావ మాత్రం, కాచిన పాపానికి, బుల్లమ్మే తాగింది.

ఆదివారం నిశ్చితార్థం అనుకున్న ముహూర్తానికే జరిగింది. ఫోటోగ్రాఫరు "కొంచెం నవ్వండి" అనకముందే త్రినాధరావు నవ్వుతున్నాడు. రాజశ్రీ కెమెరా వైపు చూడటం మానేసి నాన్న వైపే చూస్తూ కళ్ళు తుడుచుకుంది. ఫోటో అలాగే వచ్చింది, అదే బాగుందని ఫ్రేము కట్టించారు. ఈలోగా తనూ క్లినిక్కుకి వెళ్ళొచ్చిన బుల్లమ్మ, పళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయన్న ధీమాతో నవ్వింది. అతియా దగ్గర వచ్చేవారానికి టైము తీసుకున్న చంద్రమౌళి అప్పుగా ఇప్పుడే నవ్వేశాడు.

ఆ ఫోటోలో పెదాలు బిగించుకుని నిలబడింది డాక్టరుగారి నాన్న ఒక్కరే.