ట్యూబాకూ ఫ్లూటుకూ ఓ కమిటీ

వాయించేవాళ్లకు పాట ఎంచుకునే హక్కు ఉండనే కూడదు. ఆ పని కమిటీకే అప్పజెప్పాలి. నవ్వకండి, రుజువు చేస్తాను.

బెంగళూరు కాడుగోడిలో ఉండే మునిరాజు పెళ్లి బ్యాండులో ట్యూబా ఊదుతాడు. భుజాన మోసే ఆ పెద్ద ఇత్తడి బాకాకు ఊరేగింపులో ఒకటే పని, అడుగున ఉండి దొం దొం అనడం. పాటంతా క్లారినెట్‌ది. తల నెరిసినా ఒక్క పాటైనా ఆయన వంతుకు రాలేదు. కూతురు నేత్రావతికి ఇదే దిగులు. ఆ పిల్ల ఫ్లూటు నేర్చింది. దగ్గర్లోని అపార్ట్‌మెంటువాళ్లు వార్షికోత్సవానికి ఇద్దరినీ పిలిస్తే, "ఈసారి పాట నువ్వు తీయి నాయనా, దొం దొం నేను చూసుకుంటా" అంది. చిన్నప్పుడు తనను నిద్రపుచ్చుతూ ఆయన కూనిరాగంగా తీసిన వరస ఒకటుంది. దానికి పేరు లేదు. అదే వాయిద్దామంది.

ఎంత అమాయకత్వం! పేరులేని పాటను వాట్సాప్ పోల్‌లో ఎలా పెడతారు?

అదృష్టం కొద్దీ అపార్ట్‌మెంటు కమిటీ మేలుకుంది. ఎ-బ్లాకు కన్నడ పాట కావాలంది. బీ బ్లాకు భక్తి పాట అడిగింది. సీ బ్లాకుకు జుంబా డాన్సు చేయడానికి వీలుగా ఉంటే చాలట. ట్యూబాను బేస్‌మెంట్ పార్కింగులో ఊదించి, ఫ్లూటును స్టేజీ మీద పెట్టుకోవచ్చు కదా అన్నాడో పెద్దమనిషి. ఇంత దూరదృష్టి వాయిద్యగాళ్లకు ఉంటుందా, మీరే చెప్పండి? చివరికి ఎవరి మనసూ నొప్పించకుండా మూడు పాటల ముక్కలు తెచ్చి అతికించారు. సెక్రటరీ నాగరాజ్ మునిరాజు భుజం తట్టి, "నీకేం కష్టం లేదప్పా, నీది దొం దొం ఒక్కటే ఉండాది" అన్నాడు.

మునిరాజు తలూపాడు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

వార్షికోత్సవం రోజున భక్తి ముక్క దాకా అంతా సజావుగానే సాగింది. అక్కడ నేత్రావతి ఫ్లూటులో అన్నిటికన్నా కింది స్వరం పట్టుకుని, స్టేజీ మీద పక్కనే ఉన్న తండ్రి వైపు చూస్తూ అదొక్కటే వాయించసాగింది. దొం, దొం. మునిరాజుకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు చెమర్చాయి. నిద్రపుచ్చే వరస ఎత్తుకున్నాడు. అంత లావు బాకా అంత మెత్తగా పలుకుతుందని ఎవరికి తెలుసు? సమోసాలు తింటున్నవాళ్లు నమలడం మానేశారు. జుంబావాళ్లు కదల్లేదు.

చప్పట్లు ఆగకముందే నాగరాజ్ మైకు అందుకున్నాడు. "మా కమిటీ సెలక్షన్ ఎట్ల ఉండాది?" అని అడిగి, సభ్యులందరినీ స్టేజీ మీదికి పిలిచి శాలువాలు కప్పించాడు. పెళ్లిలో దండ పడినప్పుడల్లా బ్యాండు మోగాలి కదా, శాలువా పడిన ప్రతిసారీ మునిరాజు అలవాటు కొద్దీ దొం అన్నాడు.

ఆయనకే కప్పితే దొం అనడానికి ఎవరూ మిగలరని కాబోలు, శాలువా ఆయన దాకా రాలేదు. చూశారా, కమిటీ ఎంత ఆలోచిస్తుందో!