సైమా సైకిలుకు తెలిసినవాళ్ల ఆమోదం

భారతదేశంలో సైకిల్ కొనడానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ అసలే అక్కర్లేదు అని చదువుకున్నవాళ్లు చెబుతుంటారు. వాళ్లెవరూ నరసరావుపేటలో సైకిల్ కొన్నట్టు లేదు. ఇక్కడ సైకిల్ కొనాలంటే తెలిసినవాళ్లు కావాలి.

మా పల్నాడులో తెలిసినవాళ్లు లేకుండా ఏ వస్తువూ చేతులు మారదు. గేదెను కొనేటప్పుడు పళ్లు చూసే తెలిసినవాడు, బోరు మోటారు కొనేటప్పుడు చెవి ఒగ్గి శబ్దం వినే తెలిసినవాడు, చివరికి సీలింగ్ ఫ్యాన్ కొన్నా దాన్ని వేలితో ఒకసారి తిప్పి "ఊఁ" అనే తెలిసినవాడు వెంట రావాలి. ఒంటరిగా వెళ్లి వస్తువు కొనుక్కొచ్చినవాళ్లను మా వీధిలో జాలిగా చూస్తారు. (తెలిసినవాడికి ఏం తెలుసు అని అడగడం మర్యాద కాదు. అడిగినవాళ్లకు మళ్లీ ఏ తెలిసినవాడూ దొరకడు.)

మా వీధికి ఇలాంటి సంఘం ఒకటుంది. అది కూర్చునేది మా అరుగు మీద, తాగేది నేను పెట్టిన టీ. నా పేరు శాంతమ్మ. సంఘంలో నాకు సభ్యత్వం లేదు. పెళ్లికి ముందు వినుకొండలో రోజూ సైకిల్ తొక్కుకుంటూ కాలేజీకి వెళ్లినదాన్నే. (ఇది అర్హతగా పరిగణించబడదు.)

ఇక సైమా సంగతి. పక్కింటి మీరా సాహెబ్‌కు మేనకోడలు. ఊరి ఆ చివర ఒక రక్తపరీక్షల కేంద్రంలో రిసెప్షన్ దగ్గర కూర్చుంటుంది. తండ్రి లేడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పిల్ల జీతంతోనే. పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు వస్తారు కాబట్టి తలుపు తెరిచే వేళకి ఆమె అక్కడ ఉండాలి. ఉందో లేదో చూడటానికి మనిషి లేడు, యాప్ ఉంది. ముఖం చూపిస్తే హాజరు వేస్తుంది. వేళ దాటితే ముఖం అదే అయినా గుర్తుపట్టదు.

ఆమెకూ ఆ యాప్‌కూ మధ్య ఉన్నది షేర్ ఆటో. షేర్ ఆటోకు టైము ఉండదు, నిండటం ఉంటుంది. నిండటం అంటే వెనక సీట్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోవడం కాదు, అది సగం మాత్రమే. డ్రైవర్‌కు రెండు పక్కలా ఇద్దరు ఇరుక్కుని, హ్యాండిల్ ఎవరి చేతిలో ఉందో బయటివాళ్లకు అర్థం కాని స్థితికి చేరినప్పుడు ఆటో నిండినట్టు. అప్పటిదాకా ఇంజన్ గురగురమంటుంది, డ్రైవర్ "ఎళ్దాం, ఎళ్దాం" అంటూనే ఉంటాడు. ఆ ఎళ్దాం వల్ల సైమా చానాసార్లు ఆలస్యమైంది. "ఇంకొక్కసారి లేటైతే ఇక రావద్దమ్మా" అని మేనేజర్ నవ్వుతూనే చెప్పాడట.

సైమా తెలివిగల పిల్ల. బాలకోటయ్య సైకిల్ షాపులో పైన కొక్కేనికి వేలాడుతున్న నీలం రంగు లేడీస్ సైకిల్ చూసింది. ముందు బుట్ట, వెనక క్యారియర్, చైన్‌కు కవరు. ధర తన స్తోమతకు సరిపోయింది. ఒక తప్పు మాత్రం చేసింది. దాచుకున్న డబ్బు మేనమామ దగ్గర ఉంటే, వెళ్లి "మామూ, సైకిల్ కొనుక్కుంటా, నా డబ్బులియ్యి" అంది. మీరా సాహెబ్ ఆ సాయంత్రమే సంఘాన్ని సమావేశపరిచాడు.

మొదట మాట్లాడింది ఆయనే. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి లారీలకు మెకానిక్. మంచి మనిషి, కానీ లారీ కాని వస్తువు మీద ఆయనకు గౌరవం తక్కువ.

"బండన్నాక బరువు మొయ్యాల. ఛాసిస్ చూడకుండా కొనేదేంది? పాలోళ్లు తొక్కుతారే, డబుల్ బార్ సైకిల్, అది తీసుకో. రెండు బస్తాలు ఏసినా కుయ్ మనదు."

"నేను తీసుకెళ్లేది టిఫిన్ డబ్బా మామూ, బస్తాలు కాదు."

"ఇయ్యాల డబ్బా. రేపు?"

రేపు సైమా రక్తపరీక్షల కేంద్రానికి బస్తాలు ఎందుకు మోస్తుందో ఎవరూ అడగలేదు. బరువుల విభాగం అభిప్రాయం నమోదైంది.

తర్వాత అంకారావు. వీధి చివర ఉంటాడు, ప్లాట్ల బ్రోకరు. ప్రపంచంలో ప్రతి వస్తువునూ తిరిగి అమ్మేటప్పుడు ఎంత వస్తుందనే కోణంలోనే చూస్తాడు. (భార్య వంటను కూడా అలాగే చూస్తాడని ఆవిడే నాతో చెప్పుకుంది.)

"సైకిలుకి రీసేల్ ఉండదమ్మా. పైగా సైకిలెక్కితే మనిషి ఇలువ పడిపోద్ది. రేపు కిరాణా కొట్లో ఖాతా ఇస్తాడా నీకు? అద్దెకి ఇల్లిస్తారా? పాత స్కూటీ ఒకటుంది నా చేతిలో, చూడరాదూ."

"దానికి పెట్రోలు ఎవరు పోస్తారంకుల్?"

"అది తర్వాత సంగతి."

మూడోవాడు మా ఆయన శేషగిరిరావు. రిటైరైన దగ్గర్నుంచీ ఫోన్ తప్ప వేరే వ్యాపకం లేదు. సైమా సైకిల్ అనే మాట అన్న క్షణం నుంచి ఆయన ఫోన్లో మంచుకొండల మీంచి సైకిళ్లు దొర్లుకుంటూ దిగడం మొదలుపెట్టాయి. అన్నం తింటూ అవే, పడుకుంటూ అవే.

"గేర్లు లేకుండా సైకిలేంటమ్మా ఈ రోజుల్లో? ముందు సస్పెన్షన్ ఉండాలి, రెండు వైపులా డిస్క్ బ్రేకులుండాలి. రేపు కోటప్పకొండ ఘాట్ ఎక్కాల్సొస్తే ఏం చేస్తావ్?"

"కొండ మీద రక్తం శాంపిళ్లు తీసుకుంటారా బాబాయ్?"

మా వీధి నుంచి ఆ కేంద్రం దాకా ఎత్తైన ప్రదేశం ఏదన్నా ఉందంటే స్పీడ్ బ్రేకరే. నాకు నోరు ఊరుకోలేదు. "ఆ నీలం సైకిల్ కొనుక్కోనివ్వరాదూ, పిల్లకి రేపు పొద్దున పనుంది" అన్నాను. ముగ్గురూ నా వైపు చూశారు. "నీకు తెలియదులే, టీ పెట్టు" అన్నారు మా ఆయన. పెట్టాను. పంచదార వేయలేదు. ఎవరూ గమనించలేదు.

ఆ రాత్రికే మా ఆయన ఫోన్లో ఒక గ్రూపు తెరిచారు. అందులో వెల్దుర్తిలోని మా బావగారిని, ఇంకా ఎవరెవరినో చేర్చారు. ఏ సైకిల్ కొనాలో ఓటింగు పెట్టారు. భారీ మెజారిటీతో గెలిచింది ట్రాక్టరు. (బావగారి బంధుబలగమంతా ఓటేశారు.) సైమాను గ్రూపులో చేర్చడం మర్చిపోయారు.

శుక్రవారం సాయంత్రం సంఘం క్షేత్ర పరిశీలనకు బయలుదేరింది. ఎవరో ఒకరు సైమా పక్కన నిలబడాలి కదా అని నేనూ వెళ్లాను.

బాలకోటయ్య షాపుకు కూడా నిబంధనలున్నాయి. సైకిళ్లన్నీ పైకప్పు కొక్కేలకు వేలాడుతుంటాయి. కొనడం ఖాయమైతేనే దించుతారు. దించింది మళ్లీ ఎక్కించరు. అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనకముందు తొక్కి చూడకూడదు.

"తొక్కితే పాత సైకిలైపోద్దమ్మా. పాత సైకిళ్లు నేనమ్మను" అన్నాడు బాలకోటయ్య, గడ కర్ర చేతిలో పట్టుకుని.

కాబట్టి సంఘం మెడలు ఎత్తి, కింద నుంచి పరిశీలించింది. బతుకంతా లారీల కింద పడుకుని పైకి చూసినవాడు కావడంతో మీరా సాహెబ్‌కు ఈ పద్ధతి బాగా నచ్చింది. అంకారావు ఎవరూ అడగని ఒక సైకిలుకు బేరం మొదలుపెట్టి, రేటు సగానికి దించి, "మనకొద్దులే" అని వదిలేశాడు. మా ఆయన బాలకోటయ్యకు సైకిళ్ల గురించి చెబుతున్నారు. బాలకోటయ్య వింటున్నాడు.

"నాకు అది చాలు. దించండి" అంది సైమా, నీలం సైకిల్ వైపు చూపించి.

బాలకోటయ్య కర్ర పైకెత్తాడు. "ఆగాగు!" అని ముగ్గురూ ఒకేసారి అరిచారు. అది వాళ్లు ఏకీభవించిన మొదటి సందర్భం. ఛాసిస్ పలచన అని ఒకరు, గేర్లేవని ఒకరు, బుట్ట ఉంటే రీసేల్ పడిపోద్దని ఒకరు. గోడ మీద గడియారం తిరుగుతోంది. బాలకోటయ్య ఎత్తిన కర్ర ఎత్తినట్టే పట్టుకుని చేయి నొప్పి పుట్టాక, "మీలో మీరు తేల్చుకుని రాండయ్యా" అని షట్టర్ దించేశాడు.

బయటికొచ్చాక సైమా అంది: "మామూ, నాకు కావాల్సింది సైకిలు. మీకు కావాల్సింది మీటింగు."

"ఎంత మాటన్నావే! నీ మంచికే కదే ఇంతమందిమి పన్లు మానుకుని తిరిగేది" అని మీరా సాహెబ్ బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు. అందుకే ఆయన్ను తిట్టబుద్ధి కాదు. మిగతా ఇద్దరినీ తిట్టుకోవచ్చు.

శనివారం డ్యూటీ దిగగానే సైమా నేరుగా మా అరుగు మీదున్న మేనమామ దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి, డబుల్ బారైనా సరే, ఇవాళ కొనిపెట్టమంది. పాపం, అక్కడిదాకా దిగింది. మీరా సాహెబ్ డబ్బు తీశాడు కూడా. అప్పుడు అంకారావు అడ్డుపడ్డాడు.

"శనివారం ఇనుము కొంటారా ఎవరైనా?"

"మాకు ఆ పట్టింపు లేదంకుల్."

"మీకు లేకపోవచ్చమ్మా. ఇనుముకి ఉంటది కదా."

ఈ వాదనకు జవాబు ఏ శాస్త్రంలోనూ లేదు. మా ఆయన ఫోన్లో వెతికి, నిజమే అన్నారు. ఎందుకొచ్చిన గొడవ, పిల్ల రోడ్డు మీద తిరగాల్సింది అనుకుని మీరా సాహెబ్ డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "అంకారావుగారూ, మీ మేడకు ఇనప చువ్వలు దిగింది శనివారం కాదూ? మా గుమ్మం ముందే కదా లారీ ఆగింది?" అన్నాను.

"అవి కొన్నది శుక్రవారం అక్కయ్యగారూ. శనివారం దిగినియ్యంతే."

మరి సైమాను శుక్రవారం ఎందుకు కొననివ్వలేదని అడిగేలోపు ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఆదివారం షాపుకు సెలవు. సోమవారం పొద్దున్నే, షాపు తెరవకముందే తానే స్వయంగా వెళ్లి కాచుకుని బేరమాడి, ధర తేల్చి పెడతానని, సాయంత్రం సైమా వచ్చి తీసుకోవడమే తరువాయి అని హామీ ఇచ్చాడు.

సోమవారం పొద్దున సైమా అందరికన్నా ముందు వెళ్లి ఆటోలో కూర్చుంది. నేను గుమ్మం ముందు ముగ్గు వేస్తూ చూస్తున్నాను. ఆటో ఆరోజు అదృష్టవశాత్తూ త్వరగానే నిండొచ్చింది. డ్రైవర్ పక్కన ఒక్క మనిషికి చోటు మిగిలింది. సైమా "అన్నా, పోనీ అన్నా, ఆ ఒక్కరి డబ్బులు నేనిస్తా" అంది. డ్రైవర్ ఒప్పుకుని గేరు వేశాడు కూడా.

అప్పుడే వీధి చివర నుంచి కేక వినిపించింది. "ఒరేయ్, ఆపరా! వస్తన్నా!"

అంకారావు. బనీను మీద ఉన్నాడు. ఆటో ఆగింది. మా వీధిలో పెద్దమనిషి ఆపమంటే ఆటో ఆగాలి, అది రాసి లేని చట్టం. ఆయన లోపలికి వెళ్లి చొక్కా వేసుకున్నాడు. బయటికొచ్చి, కళ్లజోడు మర్చిపోయి, మళ్లీ వెళ్లాడు. ఈసారి తల దువ్వుకుని వచ్చాడు. సైమా ఆటోలోంచి తొంగి చూస్తూ "అంకుల్, లేటవుతోంది, అంకుల్" అని అరుస్తూనే ఉంది.

"వస్తన్నానమ్మా, నీ పని మీదే కదా పొయ్యేది! నీ సైకిల్ బేరానికే!" అన్నాడాయన, ఆటోలో కుడికాలు పెడుతూ.

రక్తపరీక్షల కేంద్రంలో యాప్ సైమా ముఖాన్ని గుర్తుపట్టలేదు. మేనేజర్ గుర్తుపట్టాడు, ఇక రానక్కర్లేదన్నాడు, ఈసారీ నవ్వుతూనే. సైమా తిరిగి రావడానికి ఆటో ఎక్కలేదు. ఎండలో నడిచి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. అరుగు కడిగి పారేద్దామా అన్నంత కోపం వచ్చింది.

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ముందు మేనేజర్ మీద, తర్వాత యాప్ మీద, ఆ తర్వాత ఈ కాలం మీద తీవ్ర అసంతృప్తి వెలిబుచ్చారు. ఆటో నిండే పద్ధతిని కూడా ఖండించారు. (ఖండన ప్రతిపాదించింది అంకారావు.) బాలకోటయ్య చేత ధర చానా కిందకి దింపించానని, అలాంటి బేరం తన జీవితంలో చేయలేదని కూడా ఆయన సభకు తెలియజేశాడు.

"అయితే ఇప్పుడన్నా కొనిపెట్టండి" అంది సైమా, కళ్లు తుడుచుకుని. "ఇంకో పని వెతుక్కోవాల. ఊరంతా తిరగాల."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఛాసిస్ గురించి, గేర్ల గురించి, రీసేల్ గురించి ఈసారి ఎవరూ ఎత్తలేదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకుండా సైకిల్ ఎంపిక చేయడం శాస్త్రీయం కాదని మా ఆయన అన్నారు. నిజమేనని అంకారావు అన్నాడు. మీరా సాహెబ్ కూడా తలూపాడు, జేబు మీద చెయ్యి వేసుకుని. మా వీధి చరిత్రలో ఒక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గడం నేను చూసింది అదే మొదలు.

"ముందు నువ్వు ఒక ఉద్యోగం చూసుకో తల్లీ" అన్నారు మా ఆయన, ఎంతో ఆప్యాయంగా. "సైకిల్ సంగతి మాకొదిలెయ్."