పైపు పగిలిన వార్త అందరికీ నచ్చింది

మా పట్టణ నీటి సరఫరా కార్యాలయంలో ఇకమీదట ఎవరూ ఎవరితోనూ మాట్లాడరాదనీ, దానివల్ల సిబ్బంది మధ్య అనురాగం పెరుగుతుందనీ మా డైరెక్టరు దోన్ ఎవెలియో గారు సోమవారం ఉదయం ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం.

వారు అంతకుముందే రాజధాని అసున్సియోన్‌లో ఒక సదస్సుకు వెళ్లి, ఒక ప్రశంసాపత్రం, ఒక జలుబు, ‘ఆత్మీయం’ అనే యాప్ తీసుకుని తిరిగి వచ్చారు. వరండాలో కేకలు, ఫోనులో పలకరింపులు నిషిద్ధం. ఏం చెప్పాలన్నా ఆత్మీయంలోనే రాయాలి. రాసిన ప్రతిదానికీ తోటివారు గుండె గుర్తు నొక్కాలి. గుండెలు తక్కువైన ఉద్యోగికి సంఘభావం తక్కువని భావించబడును. పైగా, సిబ్బంది క్షేమం కోరి, ఎవరెక్కడున్నారో పటం మీద నీలం చుక్క చూపిస్తూ ఉంటుంది.

ఫిర్యాదుల గుమాస్తా నీమియా ఒక్కతే లేచి అడిగింది.

“మేమెక్కడ తిరుగుతున్నామో ఆఫీసంతా చూస్తుంటే ఇక మా గుట్టేం కాను, దోన్ ఎవెలియో గారూ?”

“తప్పు చెయ్యనివాడికి గుట్టెందుకమ్మా?” అన్నారు వారు ఛాతీ విరిచి. “నన్ను చూడు. అద్దాల బీరువాని!”

అద్దాల బీరువాకు మళ్లీ చప్పట్లు కొట్టాం.

ఫలితాలు వెంటనే కనిపించాయి. తెరెరే అనే చల్లని ఆకు తేనీరు తాగే ప్రతివాడూ ముందు గిన్నెను ఫోటో తీసి, ఐసు కరిగాక తాగడం మొదలుపెట్టాడు. నీళ్ల ట్యాంకు దగ్గరి పిల్లికి ఇంజనీరు గారికంటే ఎక్కువ గుండెలు వచ్చాయి. ఇంజనీరు గారు అలిగి, పిల్లి మన శాఖ ఉద్యోగి కాదని అభ్యంతరం రాశారు. ఆ అభ్యంతరానికి వచ్చిన ఒకే ఒక్క గుండె వారిదే. లెక్కల గుమాస్తా గౌదెన్సియో జ్వరమని సెలవు పెట్టి నదికి చేపలకు వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోక, గుండెలు తగ్గుతున్నాయన్న బెంగతో, తాను పట్టిన చేపను తానే ఫోటో తీసి పెట్టాడు. చేప బాగుందని మెచ్చుకుంటూ డైరెక్టరు గారు అతని జీతం కోశారు.

ఇలా మేం ఒకరి హృదయం ఒకరం తెలుసుకుంటూ ఉండగా, శుక్రవారం మధ్యాహ్నం సంత వీధిలో పెద్ద పైపు పగిలింది. నీళ్లు చర్చి గంట ఎత్తున లేచాయి. నీమియా పరుగున వెళ్లి, ఫోటో తీసి, నిబంధన ప్రకారం ఆత్మీయంలో పెట్టింది: “పెద్ద పైపు పగిలింది. వెంటనే రండి.”

ఎండలో ఆ నీటి ధార మీద ఇంద్రధనుస్సు కూడా పడింది. గుండెలు కుప్పలుగా వచ్చాయి. “కనుల పండువ” అన్నారొకరు. “మన శాఖకే గర్వకారణం” అన్నారింకొకరు. చదవకుండా నొక్కే అలవాటున్నవారు పుట్టినరోజు శుభాకాంక్షలు తెలిపారు. నేనూ ఒక గుండె నొక్కాను. ఎవరూ కదల్లేదు.

క్రిస్పులో అనే ఫిట్టరు రెంచి భుజాన వేసుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. వాల్వు కట్టాలంటే ఆత్మీయంలో డైరెక్టరు గారి అనుమతి రావాలి. డైరెక్టరు గారి గది ఖాళీ. వారి పేరు పక్కన ‘క్షేత్ర పరిశీలనలో ఉన్నారు’ అని ఉంది.

ఈలోపు తిరిగొచ్చిన నీమియా వెనకే చిపా రొట్టెలమ్మే సెబెరియానా మోకాళ్ల దాకా తడిసి వచ్చింది. “ఏడే మీ పెద్దాయన? నా రొట్టెలన్నీ చర్చిలోకి ఈదుకుంటూ పోయాయి!”

“క్షేత్రంలో ఉన్నారత్తా,” అంది నీమియా.

“ఏ క్షేత్రమే?”

నీమియా పటం తెరిచింది. గౌరవం కొద్దీ అంతవరకూ మేమెవరం వారి చుక్కను చూడలేదు. ఆ చుక్క పెర్లా గారి బ్యూటీ పార్లర్‌లో ఉంది.

సెబెరియానా ముందు, నీమియా వెనక, సంత మొత్తంతో పాటు మేమూ వారి వెనక నడిచాం. లోపల దోన్ ఎవెలియో గారు కాళ్లు తొట్టెలో, మీసాలకు, కనుబొమలకు నల్లరంగుతో కనిపించారు.

“నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?” అని గద్దించారు.

“మీ చుక్కే చెప్పింది సార్,” అంది నీమియా.

“ఎంత అన్యాయం! మనిషన్నాక గుట్టనేది ఉండొద్దా?”

“నీ గుట్టు తర్వాత కప్పుకుందువు గాని, ముందా నీళ్లు కట్టించు నాయనా,” అంది సెబెరియానా.

వారు ఫోను అందుకున్నారు. అది వారి ముఖం చూస్తే గాని తెరుచుకోదు. రంగు మీసాల్లో వారిని పోల్చుకోలేక, మీరెవరో తెలియదంది. వారు నవ్వి చూపించారు. కోపంగా చూపించారు. పెర్లా గారు తువ్వాలుతో తుడిస్తే మీసం చెంపలకు పాకింది. ఫోను ఈసారి పోలీసులకు తెలియజేయమంటారా అని అడిగింది.

నీమియా వీధిలోకి వచ్చి కార్యాలయం దాకా వినబడేలా గొంతెత్తి అరిచింది: “ఒరే క్రిస్పులో! కట్టెయ్యరా!”

అతను తలుపు దగ్గర్నుంచి పరుగెత్తి వాల్వు కట్టేశాడు. ధార ఆగింది. కేక వేసినందుకు నీమియాకూ, అది విన్నందుకు క్రిస్పులోకూ మర్నాడు మెమోలు వచ్చాయి. డైరెక్టరు స్థాయి వారికి చుక్క ఉండదని ఒక సవరణ కూడా వచ్చింది.

తర్వాత ఊరి జనం కార్యాలయం మీదికి వచ్చి పడ్డారు. పైపు అతికేదాకా కుళాయిలు బంద్ కాబట్టి, నీళ్ల కోసమే వచ్చారనుకుని ఇంజనీరు గారు వెనక గోడ దూకారు.

“నీళ్లెవడిక్కావాలయ్యా?” అంది సెబెరియానా. “ఎవడెక్కడ తిరుగుతున్నాడో మీరొక్కళ్లే చూసుకుంటే ఎలా? ఆ యాప్ మాకూ ఇయ్యండి!”

ప్రజాభీష్టాన్ని మన్నించాం. ఇప్పుడు ఊరందరూ ఆత్మీయంలో ఉన్నారు. ఇంట్లో ఎవరూ లేరని, అత్తవారింటికి బయలుదేరామని, తాళంచెవి పూలకుండీ కింద పెట్టామని ఎవరూ అడగకుండానే రాసుకుంటున్నారు. మా ఊరి దొంగలు కూడా చేరారు. అందరివీ ఓపిగ్గా చదువుతారు గాని, తమ సంగతి ఒక్క ముక్క రాయరు. గుట్టు విలువ తెలిసిన పెద్దమనుషులంటూ ఊళ్లో ఇక ఆ దొంగలు మాత్రమే మిగిలారు.